ఇంటి ఖర్చుల లెక్క: ముందు నిల్వ సరిచూడండి, తరువాత పద్దులు రాయండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు సంగతి ఇది. హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తున్నారు, బడికి వెళ్ళే పిల్లలిద్దరు, ఇంట్లో అత్తగారు ఉన్నారు. చేతికి అందే జీతాలు రెండూ కలిపి నెలకు 1,10,000 రూపాయలు. ఖర్చులు రాయడానికి ఫోనులో రెండు మూడు యాప్‌లు వాడి చూశారు, ఏదీ రెండో నెల దాటలేదు. నెలాఖరుకు డబ్బు ఎటు పోయిందో తెలియడం లేదు, ప్రతి నెలా ఏదో ఒక ప్రత్యేక ఖర్చు వచ్చిపడుతోంది. కూరగాయల నుంచి ఆటో దాకా రోజూ రాసుకునే ఓపిక లేనప్పుడు ఇంటి లెక్క నిలబెట్టుకోవడం ఎలాగని అడిగారు.

వృత్తిరీత్యా చిన్న వ్యాపారాల పద్దులు చూస్తాను, మా ఇంటి లెక్క ఏళ్ళ తరబడి నేనే రాస్తున్నాను, అడిగిన బంధుమిత్రులకు వారి ఇంటి లెక్క మొదలుపెట్టడంలో సాయపడుతూ వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఓపిక లేకపోవడం మీ లోపం కాదు. యాప్‌లన్నీ ఖర్చును ఒక్కొక్కటిగా రాయించి చివర్లో మొత్తం చూపిస్తాయి. పద్దులు రాసేవారు ముందు మొత్తాన్ని పట్టుకుంటారు, వివరం దాని తరువాత. ఒక్క ఖర్చు కూడా రాయకుండానే నెల మొత్తం ఖర్చు ఎంతో కచ్చితంగా తెలుసుకోవచ్చు, అక్కడి నుంచే మీరు మొదలుపెట్టాలి.

ఒకటో తారీఖున ఇంట్లోని అందరి బ్యాంకు ఖాతాల నిల్వ, చేతిలోని నగదు, క్రెడిట్ కార్డులో వాడేసి ఇంకా కట్టని బాకీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే నెల ఒకటిన మళ్ళీ రాయండి. మీరిచ్చిన అంకెలకు దగ్గరగా ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల మొదట్లో ఖాతాల్లో 62,400, నగదు 3,600, వెరసి 66,000 రూపాయలు ఉన్నాయి. జీతాలు 1,10,000 వచ్చాయి. అందులో చీటీకి 8,500, రికరింగ్ డిపాజిట్‌కు 6,500, అంటే పొదుపు కింద 15,000 పక్కకు వెళ్ళింది. నెలాఖరున ఖాతాలు, నగదు కలిపి 48,500 మిగిలింది. 66,000కు 1,10,000 కలిపి, అందులోంచి 15,000, 48,500 తీసేస్తే బయటికి పోయింది 1,12,500 అని తేలుతుంది. అయితే క్రెడిట్ కార్డు బాకీ నెల మొదట్లో 14,000 ఉండి, చివరికి 19,500 అయింది. పెరిగిన 5,500 కూడా ఈ నెల ఖర్చే కాబట్టి అసలు ఖర్చు 1,18,000. ఈ లెక్కకు పట్టేది పావుగంట. ఇందులో మరపుకు, బద్ధకానికి తావు లేదు, ఎందుకంటే నిల్వ అబద్ధం చెప్పదు.

ఇప్పుడు మీరు రాసుకున్న ఖర్చులన్నీ కూడితే 1,09,800 వచ్చిందనుకోండి. తేడా 8,200. పాత చిట్టాలు రాసిన గుమాస్తాలు రోజు ముగిసేలోగా జమ, ఖర్చు, నిల్వ సరిపోయేదాకా లేచేవారు కారు, ఇంటి లెక్కకు అంత కట్టడి అవసరం లేదు. తేడా మొత్తం ఖర్చులో ఇరవయ్యో వంతు లోపు ఉంటే దాన్ని ‘తెలియని ఖర్చు’ అని ఒక పద్దు కింద రాసి ముందుకు వెళ్ళిపోండి. ఆ పద్దు నెలనెలా పెరుగుతుంటేనో, ఇక్కడిలా తేడా ఆ హద్దు (1,18,000లో 5,900) దాటితేనో వెతకాలి. చాలామంది లెక్క మానేసేది సరిగ్గా ఈ తేడా దగ్గరే: మూడు రోజులు రాయడం మరిచిపోతారు, లెక్క చెడిపోయిందనుకుంటారు, పుస్తకం మూసేస్తారు. నిల్వ సరిచూసే అలవాటు ఉన్నవారికి ఆ మూడు రోజుల ఖర్చు ఎక్కడికీ పోదు, వివరం లేకపోయినా మొత్తంలో ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మీ ఖాతా నుంచి మీ భార్య ఖాతాకు పంపింది ఖర్చు కాదు, అందుకే ఇంట్లో అందరి ఖాతాలను ఒకే సంచిగా చూడమన్నాను. రెండోది, క్రెడిట్ కార్డు బిల్లు కట్టడం ఖర్చు కాదు. కార్డుతో సరుకులు కొన్న రోజే ఖర్చు జరిగింది, బిల్లు కట్టినప్పుడు తీరింది బాకీ మాత్రమే. కొన్న రోజు ఒకసారి, బిల్లు రోజు మరోసారి రాసి, ఖర్చు రెట్టింపు కనిపించి కంగారుపడిన కుటుంబాలను చూశాను.

ఇక రోజువారీ రాత సంగతి. బ్యాంకు రాసిపెట్టినదాన్ని మీరు మళ్ళీ రాయనక్కర లేదు. అద్దె, కరెంటు బిల్లు, బడి ఫీజు, కార్డు కొనుగోళ్ళు, యూపీఐ చెల్లింపులు అన్నీ స్టేట్‌మెంటులో ఉంటాయి, వారానికొకసారి కూర్చుని వాటిని పద్దుల్లోకి ఎక్కిస్తే చాలు. స్టేట్‌మెంటులో చిక్కు ఏమిటంటే, యూపీఐ చెల్లింపుల దగ్గర దుకాణం పేరుకు బదులు చాలాసార్లు యజమాని సొంత పేరు కనిపిస్తుంది. పది రోజుల తరువాత ఆ పేరు కూరగాయల బండిదో మందుల షాపుదో గుర్తుండదు. డబ్బు పంపేటప్పుడే యాప్‌లోని నోట్ గడిలో ‘కూర’ అనో ‘మందులు’ అనో ఒక్క మాట రాయడం అలవాటు చేసుకోండి. చెల్లింపుల చరిత్రలో ఆ మాట ఉండిపోతుంది, చాలా బ్యాంకుల స్టేట్‌మెంటులోకి కూడా వస్తుంది.

మీరు రాయాల్సింది బ్యాంకు కంటికి ఆననివే. మొదటిది నగదు. రెండోది చాలామందికి తట్టనిది, యూపీఐ లైట్. పిన్ లేకుండా చిన్న మొత్తాలు చెల్లించే ఈ సదుపాయంలో బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది మీరు లైట్‌లోకి వేసుకున్న మొత్తం ఒక్కటే. అందులోంచి టీకి, ఆటోకి, పిల్లల చిరుతిళ్ళకు ఇచ్చినవి విడివిడిగా బ్యాంకు లెక్కలోకి రావు, యాప్‌లోని చరిత్రలో మాత్రమే ఉంటాయి. పైగా చిన్న మొత్తాల యూపీఐ చెల్లింపులకు ఎస్ఎంఎస్ పంపడం కొన్ని బ్యాంకులు మానేశాయి. ఎస్ఎంఎస్‌లు చదివి ఖర్చు లెక్కకట్టే యాప్ మీ ఇంట్లో ఎప్పుడూ తక్కువ చూపించడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. నా సలహా ఏమిటంటే, లైట్‌లోకి వేసుకున్న మొత్తాన్ని వేసుకున్న రోజే ‘చిల్లర ఖర్చు’ అని రాసేయండి. మెట్రో కార్డు, ఫాస్టాగ్ రీఛార్జీలను కూడా అలాగే ‘రాకపోకలు’ కింద వేయండి. పద్దుల శాస్త్రం ప్రకారం అవి ముందస్తు చెల్లింపులు అన్నమాట నిజమే, కానీ ఇంటికి ఆ సూక్ష్మం అక్కరలేదు.

ఇంతవరకు చెప్పింది రాత గురించి. మీ అసలు ఇబ్బంది మరొక చోట ఉందని నాకనిపిస్తోంది. ప్రతి నెలా ప్రత్యేక ఖర్చు వస్తోందన్నారు కదా, ప్రతి నెలా వచ్చేదాన్ని ప్రత్యేకం అనలేము. అవి ఏటా వచ్చే మామూలు ఖర్చులే. నెల అనే చిన్న కొలతతో చూడటం వల్ల అనుకోకుండా వచ్చినట్టు కనిపిస్తున్నాయి.

కేంద్ర గణాంక శాఖ 2022 ఆగస్టు నుంచి 2023 జులై వరకు జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వేలో ప్రశ్నలు అడిగిన తీరు మీకు పనికొస్తుంది. కూరగాయలు, పండ్లు, నూనె, గుడ్లు, మాంసం, చేపల వంటి వాటికి గత 7 రోజుల ఖర్చు అడిగారు. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఇంట్లోకి కొన్న పెద్ద వస్తువులకు గత 365 రోజుల ఖర్చు అడిగారు. మిగిలిన చాలా వాటికి గత 30 రోజులు. ఒకే కాలం పెట్టి అన్నీ అడిగితే జవాబు నిజానికి దూరమవుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. పైగా ఒక్కసారే కూర్చోబెట్టి అన్నీ అడగకుండా, ప్రశ్నపత్రాలను మూడుగా విడదీసి ఒక్కో ఇంటికి మూడు సార్లు వెళ్ళారు. ఖర్చు లెక్క అడగడమే పనిగా పెట్టుకున్న సర్వే కూడా మూడు గడియారాలు పెట్టుకుంటే, మనం ఒక్క నెల గడియారంతో ఇల్లంతా కొలవాలని చూస్తున్నాం.

మన ఇళ్ళలో ఏడాది నడక ఎలా ఉంటుందో చూడండి. జనవరిలో సంక్రాంతికి ఊరి ప్రయాణం, బట్టలు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయకు కాయలు, నూనె, కారం, ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, వాటితోపాటు పెళ్ళిళ్ళు. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. శ్రావణంలో వ్రతాలు, పేరంటాలు. దసరాకు బట్టలు, పనిమనిషికి, వాచ్‌మన్‌కు మామూళ్ళు. మధ్యలో ఎప్పుడో బండి ఇన్సూరెన్సు, ఆరోగ్య బీమా. సొంత ఇల్లున్నవారికి ఆరు నెలలకోసారి ఆస్తిపన్ను. నెలవారీ అనుకునే వాటిలోనూ కొన్ని నెలకు కుదరవు. 28 రోజుల మొబైల్ రీఛార్జి ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు వస్తుంది. ఆదివారం మాంసం తెచ్చుకునే ఇంట్లో అయిదు ఆదివారాలు పడిన నెల ఖర్చు దానంతటదే పెరుగుతుంది.

కాబట్టి ఈ వారాంతంలో చేయవలసిన పని ఒకటి చెబుతాను. గత పన్నెండు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీసి, నెలనెలా రాని ఖర్చులు మాత్రం ఒక పేజీ మీద రాయండి. ఉదాహరణకు పిల్లలిద్దరి ఫీజులు 1,50,000, పుస్తకాలు, యూనిఫాంలు 20,000, రెండు పండుగలకు బట్టలు, ప్రయాణాలు కలిపి 40,000, జీవిత, ఆరోగ్య, బండి బీమాలు 64,000, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల చదివింపులు 25,000, మిక్సీ పాడవడం నుంచి బండి రిపేరు దాకా 25,000, పచ్చళ్ళు, ఏటి సరుకులు 12,000. వెరసి 3,36,000, అంటే నెలకు 28,000 రూపాయలు. జీతం 1,10,000లో ఈ 28,000, పొదుపు 15,000 తీసేస్తే మామూలు నెలకు మీ చేతిలో నిజంగా ఉన్నది 67,000. ఇద్దరి జీతం లక్షా పదివేలనే భావంతో నెల గడుపుతున్నారు గనుక ఎంత జాగ్రత్తపడ్డా సరిపోవడం లేదు.

పైన చెప్పిన 1,18,000 ఖర్చు నెలకు మళ్ళీ వద్దాం. అది జూన్ అనుకుని, అందులో ఫీజులు, పుస్తకాల కింద 42,000 ఉందనుకోండి. అది పక్కన పెడితే మామూలు ఖర్చు 76,000, హద్దు దాటింది 9,000. లెక్కకు అందకుండా పోయిన 8,200 దాదాపు ఆ మేరకే ఉంది. ఇప్పుడు ఎక్కడ వెతకాలో తెలిసింది. ఫీజులను చూసి బాధపడవలసిన పని లేదు, చిల్లర మీద కన్ను వేస్తే చాలు.

ఆ 28,000 జీతం పడిన మర్నాడే వేరే పొదుపు ఖాతాలోకి వెళ్ళిపోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఆ ఖాతాకు యూపీఐ జతచేయకండి. ఏటి ఖర్చులన్నీ అందులోంచే తీయండి. మొదటి ఏడాది జూన్ ఫీజుల నాటికి అందులో తగినంత పోగవదు, కొంత పొదుపులోంచి సర్దాల్సి వస్తుంది. రెండో ఏడు నుంచి దారిన పడుతుంది.

పద్దుల పేర్ల గురించి ఎక్కువగా ఆలోచించకండి. యాప్‌లు ముప్పై నలభై పద్దులు చూపిస్తాయి, ఎనిమిదో పదో చాలు. ఒక పద్దు ఉండాలా వద్దా అనడానికి నా పరీక్ష ఒక్కటే: ఆ అంకె పెరిగిందని తెలిస్తే ఇంట్లో ఏదైనా నిర్ణయం మారుతుందా? సరుకులనూ బయటి తిండినీ విడదీయాలి, ఎందుకంటే రెండింటి నిర్ణయాలు వేరు. సబ్బులనూ పప్పులనూ విడదీసి లాభం లేదు. సరుకుల్లో బియ్యానికి మాత్రం బస్తా ధరతోపాటు తూకం కూడా రాయండి. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తాలు మార్కెట్లోకి వచ్చాయి. కిలో ధర కట్టకుండా రెండు బస్తాలను పోల్చితే తప్పుదారి పడతారు.

మీరు మరో మాట అడిగారు, చీటీ ఖర్చు కిందికి వస్తుందా అని. చీటీ ఎత్తుకోనంతవరకు మీరు కట్టేది పొదుపు. ఎత్తుకున్న తరువాత కట్టేది అప్పు తీర్చడం. మీది 2,50,000 రూపాయల, 25 నెలల చీటీ అనుకుంటే నెలకు 10,000. పాటలో ఒకరు 50,000 తగ్గించుకుని ఎత్తుకుంటే, నిర్వాహకుల కమిషన్ 5 శాతం చొప్పున 12,500 పోగా మిగిలిన 37,500 సభ్యులకు పంచుతారు. తలా 1,500 తగ్గి మీరు 8,500 కడతారు. లెక్కలో 8,500 మాత్రమే రాయండి. చీటీ డబ్బు చేతికి వచ్చిన నెల దాన్ని ఆదాయంగా రాయకండి, అలా రాస్తే ఆ నెల లేని కలిమి కనిపిస్తుంది. ప్రభుత్వం దగ్గర నమోదు కాని చీటీ అయితే దాన్ని పొదుపు అనడానికి కూడా నేను వెనకాడతాను. రేపు డబ్బు ఆగిపోతే చట్టం అండ మీకు బలహీనంగా ఉంటుంది.

బంగారంలో తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ ఖర్చు కింద, బంగారం విలువ పొదుపు కింద రాయడం సబబు. ఇంటి అప్పు కంతులో వడ్డీ, అసలు విడదీసి చూడటం ఏడాదికొకసారి చాలు.

చదివింపుల కోసం ఒక పుస్తకం విడిగా ఉంచండి. మన పెళ్ళిళ్ళలో ఎవరెంత చదివించారో పేర్లతో రాసిపెట్టే ఆనవాయితీ ఉన్నదే, దాన్ని మీ వైపు నుంచి కూడా రాయండి: ఎవరింట, ఏ శుభకార్యానికి, ఎంత ఇచ్చాం, వారు మనకెంత ఇచ్చారు. ఇది నెల లెక్కతో ముగిసేది కాదు, ఇరవై ఏళ్ళయినా అవసరపడుతుంది. అత్తగారిని అడిగి పాత వివరాలు ఇప్పుడే రాయించుకోండి, చాలా ఇళ్ళలో ఆ జ్ఞాపకం పెద్దవాళ్ళ దగ్గరే ఉంటుంది.

యాప్ కావాలా అంటే, నోటుపుస్తకం గానీ స్ప్రెడ్‌షీట్ గానీ చాలన్నదే నా అభిప్రాయం. యాప్ వాడదలిస్తే ఫోనులోని ఎస్ఎంఎస్‌లన్నీ చదివే అనుమతి అడిగేవాటికి దూరంగా ఉండండి, ఓటీపీలు వచ్చేది అక్కడే. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని అకౌంట్ అగ్రిగేటర్ల ద్వారా ఖాతా వివరాలు తీసుకునే సేవలు ఉన్నాయి. అక్కడ ఏ ఖాతా వివరం, ఎంతకాలానికి ఇస్తున్నామో మన సమ్మతిలోనే ఉంటుంది, ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా.

అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది ఇంట్లో మనుషుల గురించి. ఇద్దరికీ నెలకు కొంత సొమ్ము, మూడు వేలో నాలుగు వేలో, లెక్క చెప్పనక్కర లేకుండా విడిచిపెట్టండి. దాన్ని పుస్తకంలో ఒక్క అంకెగా మాత్రమే రాయండి. ఒకరు రాస్తూ మరొకరిని ‘ఇది దేనికి’ అని అడిగే ఇంట్లో లెక్క నిలవడం నేను చూడలేదు. పుట్టింటికో అత్తింటికో పంపే డబ్బును మాత్రం బాహాటంగా ఒక పద్దు పెట్టి రాయండి. అది చిల్లరలో కలిసిపోతే తరువాత ఇద్దరి మధ్య అనుమానానికి దారి తీస్తుంది.

చివరగా అత్తగారి విషయం. ఆవిడ కూరగాయలు, పాలు, పూలు నగదుతోనే తెస్తారని, రోజూ రాయమంటే నొచ్చుకుంటారని అన్నారు. ఆవిడను రాయమని అడగకండి. ఆఫీసుల్లో చిల్లర ఖర్చులకు వాడే పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఒక డబ్బాలో 2,000 రూపాయలు పెట్టి ఆవిడకు అప్పగించండి. ప్రతి ఆదివారం డబ్బాలో ఎంత తగ్గిందో చూసి, మళ్ళీ 2,000 అయ్యేలా నింపండి. నింపిన మొత్తమే ఆ వారం కూరలు, పాల ఖర్చు. 1,640 నింపితే 1,640 రాసుకోండి. పండగ వారంలో 2,000 చాలకపోతే మధ్యలో మరో అయిదు వందలు వేసి, దాన్నీ అదే పద్దులో రాయండి. వేసేది మీరే కాబట్టి రాసేదీ మీరే అవుతారు, ఆవిడను ఒక్క ప్రశ్న కూడా అడగవలసిన పని ఉండదు.